ఊరి హాల్లో ఐపీఎల్ ఫైనల్: మనిషికి ఇరవై రూపాయలు పెట్టొచ్చా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది కోనసీమలో చిన్న ఊరు. మా యువజన సంఘం వాడుకోడానికి పంచాయతీ వాళ్లు ఒక హాలు ఇచ్చారు. రేకులు రెండుచోట్ల కారుతున్నాయి. వచ్చే ఐపీఎల్ ఫైనల్‌ని ప్రొజెక్టర్‌తో పెద్ద తెర మీద వేసి, మనిషికి ఇరవై రూపాయలు పెడితే రేకుల ఖర్చు కొంతైనా వస్తుందని అనుకున్నాం. బంగారం షాపాయన కుర్చీల ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు, ఫ్లెక్సీ కట్టాలట. సెట్‌టాప్ బాక్సు మా ప్రెసిడెంటు ఇంటి నుంచి పట్టుకొద్దామనుకున్నాం. ఈలోగా కేబుల్ ఆయన "లైసెన్సు లేకుండా వేస్తే కేసవుద్ది, నన్ను ఇరికించకండి" అన్నాడు. లండన్‌లో ఉన్న మా బావ, హాల్లో మ్యాచ్ వేయాలంటే టీవీ లైసెన్సు కొనాలంటున్నాడు. తాతయ్య అది పోస్టాఫీసులో కట్టేస్తే సరిపోతుందంటారు. ఫోన్లో యాప్ నుంచి వేస్తే ఏ గొడవా ఉండదని ఇంకో ఫ్రెండ్. మా ప్రెసిడెంటేమో "మనూళ్లోకి ఎవడొచ్చి అడుగుతాడ్రా" అంటున్నాడు. హాలు తాళం నా దగ్గరుంటుంది, ఏదన్నా అయితే నా మీదికే వస్తుంది. ఎవరి మాట వినమంటారు?

- యువజన సంఘం కార్యదర్శి (పేరు, ఊరు వేయొద్దన్నారు)

సమాధానం:

కార్యదర్శి గారూ, అయిదుగురిలో మీ కేబుల్ ఆయనే నిజానికి దగ్గరగా ఉన్నాడు, కాకపోతే ఎందుకో చెప్పలేదు. ముందు మీ తాతయ్య గారి మాట తేల్చేద్దాం. ఆయన తప్పు చెప్పలేదు, కాలం మారిందంతే. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉన్నా, తర్వాత్తర్వాత టీవీ ఉన్నా, ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుం కట్టాలి. చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో అలాంటిదొకటి చాలా ఏళ్లుంది, కట్టిన ఏడాదికల్లా ముద్ర పడి. 1980ల నడిమికల్లా ప్రభుత్వం ఆ పద్ధతి ఎత్తేసింది. ఇప్పుడు మన దేశంలో టీవీ పెట్టుకోడానికని లైసెన్సు లేదు, ఇంట్లోనైనా హాల్లోనైనా.

మీ బావ గారిది ఆ దేశం మాట. బ్రిటన్‌లో ప్రత్యక్ష ప్రసారం చూసే ఏ చోటుకైనా, ఇల్లయినా ఊరి హాలయినా, టీవీ లైసెన్సు ఉండాల్సిందే. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లయింది. అక్కడి తెలుగు సంఘాల వాళ్లు ఇండియా మ్యాచ్ కోసం కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకునేటప్పుడు హాలు మేనేజర్ని మొదట అడగాల్సిన మాట అదే. ఇంటి కనెక్షన్ బాక్సు ఊడదీసి హాల్లో పెట్టకూడదన్న నియమం అక్కడా ఉంది. మీరూ అదే పని చేయబోతున్నారు కాబట్టి దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మనకు టీవీ లైసెన్సు లేదన్నంత మాత్రాన హాల్లో ఏదైనా ఎలాగైనా వేసుకోవచ్చని కాదు. టీవీ పెట్టె మీది, తెర మీది, కరెంటు మీది. ఆ తెర మీద కనపడే ప్రసారం మాత్రం వేరేవాళ్లది. 2023 నుంచి 2027 దాకా అయిదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. టీవీలో స్టార్ స్పోర్ట్స్, ఫోన్లో జియోహాట్‌స్టార్, రెండూ ఇప్పుడు జియోస్టార్ గొడుగు కిందే ఉన్నాయి. అంత పోసి కొన్నవాళ్లు ఎవరెవరు ఎక్కడెక్కడ దాన్ని చూపించి డబ్బు చేసుకుంటున్నారో చూసుకోకుండా ఎలా ఉంటారు?

ఇక చట్టం. మనకు 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. అందులో 37వ సెక్షన్ ప్రసార సంస్థలకు తమ ప్రసారం మీద ప్రత్యేకమైన హక్కు ఇచ్చింది. వాళ్ల అనుమతి లేకుండా ఏయే పనులు చేయకూడదో అక్కడే వరసగా రాశారు. ప్రసారాన్ని తిరిగి ప్రసారం చేయడం ఒకటి, రికార్డు చేయడం ఒకటి. వాటి మధ్యలో మీకు కావలసిన వాక్యం ఉంది: రుసుము తీసుకుని ఆ ప్రసారాన్ని జనానికి చూపించడం గానీ వినిపించడం గానీ కుదరదు. ఆ రుసుము ఎంతైనా సరే, దేనికైనా సరే. ఇరవై రూపాయలైనా రుసుమే, రేకుల కోసమైనా రుసుమే. చట్టం మీ ఉద్దేశం అడగలేదు, గేటు దగ్గర డబ్బు తీసుకున్నారా లేదా అనే అడిగింది.

మీరు తలుపు తీసి ఊళ్లో వాళ్లను ఊరికే రమ్మంటే ఆ వాక్యం మీకు తగలదు. టికెట్ చింపితే తగులుతుంది. మీ ఉత్తరంలోని గొడవలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది.

మిగతా పాతిక వంతు మీ కనెక్షన్‌ది. టీవీ కనెక్షన్ల నియమాలు పెట్టేది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్. 2017 నాటి నిబంధనల్లో చందాదారు అంటే ఎవరో ఒక నిర్వచనం ఇచ్చారు. ఆ ఒక్క నిర్వచనంలో మూడు మాటలు దాగున్నాయి. చందాదారు తాను చూపించిన చోటులోనే ప్రసారం అందుకోవాలి. దాన్ని అక్కణ్ణుంచి ఇంకొకరికి పంపకూడదు. ఇంత అని డబ్బు తీసుకుని ఇతరులకు చూపించకూడదు. చివరి మాట కాపీరైట్ చట్టం చెప్పినదే. మొదటి మాట మాత్రం మీ ప్రెసిడెంటు గారి సెట్‌టాప్ బాక్సుకు సూటిగా తగులుతుంది. ఆ బాక్సు ఆయన ఇంటి చిరునామా మీదుంది. దాన్ని చంకనెట్టుకొచ్చి హాల్లో పెడితే, టికెట్ లేకపోయినా, నియమం తప్పినట్టే. మీ కేబుల్ ఆయన భయం ఇదే. ఆయన పైన ఎంఎస్‌వో, అంటే ఆయనకు చానళ్లు అందించే పెద్ద కేబుల్ కంపెనీ, ఉంటుంది, ఎంఎస్‌వో పైన చానల్ వాళ్లు. ఒక ఊళ్లో ఇంటి బాక్సు మీద రెండొందల మంది చూశారని పైకి తెలిస్తే ముందు మాట పడేది ఆయనే. కాబట్టి ఆయన మీద కోపం తెచ్చుకోకండి. వెళ్లి, హాలు చిరునామా మీద ఒక కనెక్షన్ ఇవ్వమని అడగండి. హోటళ్లకు, క్లబ్బులకు ఇచ్చే పద్ధతి ఉంటుంది, మీలాంటి సంఘానికి ఏది వర్తిస్తుందో ఎంఎస్‌వోని కనుక్కుని చెప్పమనండి. ఇచ్చిన రసీదు మీద హాలు పేరుండాలి, ప్రెసిడెంటు గారి పేరు కాదు. ఆ రసీదు మీ ఫైల్లో పెట్టుకోండి.

మీరు అడగకపోయినా చెబుతాను, అపార్ట్‌మెంట్ల నుంచి ఇలాంటిదే ఇంకో ప్రశ్న వస్తుంటుంది. కింద క్లబ్‌హౌస్‌లో ఒక బాక్సు పెట్టి, అందులోంచి వైరు లాగి నలభై ఫ్లాట్లకూ మ్యాచ్ ఇస్తే ఎలా ఉంటుందని. అలా చేయకండి. ఒకటికి మించిన ఇళ్లకు ఒకేసారి అందించడాన్ని కాపీరైట్ చట్టం ప్రజలకు అందించడం కిందే లెక్కేస్తుంది. క్లబ్‌హౌస్‌లో కూర్చుని అందరూ ఒకే తెర చూడటం వేరు, వైరు పైకి పోవడం వేరు.

మీ ఫ్రెండు చెప్పిన యాప్ ఉపాయం అన్నిటికంటే పనికిరానిది. యాప్ తెరిచినప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని మనం చదవకుండా నొక్కే పత్రంలో, ఇది మీ సొంతానికి, వ్యాపారేతర వాడకానికి మాత్రమేనని ఉంటుంది. రెండొందల మంది కూర్చున్న హాలు సొంత వాడకం ఎలా అవుతుంది? చట్టం సంగతి అటుంచండి, పనిగా చూసినా అది దండగ. స్ట్రీమింగ్ టీవీ కంటే వెనకబడి వస్తుంది. మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్కింట్లోంచి "అవుటూ!" అని కేక వినపడుతుంది. ఆ కేక విన్న రెండొందల మంది మిమ్మల్నే చూస్తారు.

ఇప్పుడు రేకుల డబ్బు సంగతి. ఉత్తరం రాసింది అసలు దీని కోసమేనని నాకు తెలుసు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

గేటు దగ్గర వసూలు చేయొద్దన్నాను గదా అని కొందరు తెలివిగా ఆలోచిస్తారు. టికెట్ లేదు, కానీ యాభై రూపాయల టీ-సమోసా టోకెన్ కొన్నవాళ్లనే లోపలికి పంపిస్తారు. నా దగ్గరికి ఒకసారి ఒక హోటలాయన నోటీసు పట్టుకుని వచ్చాడు. ఏ ఊరన్నది వద్దు. "మేం టికెట్ పెట్టలేదు మేడమ్, బిర్యానీ అమ్మాం" అన్నాడు. మామూలు రోజున నూట ఇరవైకి అమ్మే ప్లేటు ఆ రోజు మూడొందలకు అమ్మాడు, పైగా ప్లేటు తీసుకోనివాళ్లకు కుర్చీ లేదని బోర్డు కూడా పెట్టాడు. ఆ బోర్డు ఫొటో నోటీసుకు జత చేసి ఉంది. ఇంకేం వాదిస్తాం? బ్రిటన్ చట్టంలో ఈ ఎత్తును పేరు పెట్టి మరీ రాశారు: ప్రసారం చూపిస్తున్నందుకు తినేవాటి ధర పెంచితే, చూసినవాళ్లు డబ్బు కట్టి చూసినట్టే. మన చట్టంలో అంత విడమర్చి లేదు. అయినా "ఎలాంటి రుసుమైనా" అన్న మాట చిన్నదేం కాదు. టోకెన్ తప్పనిసరి చేసిన మరుక్షణం దాన్ని మీరు టీ ఖరీదని నిలబెట్టుకోవడం కష్టం.

మరి ఏం చేయొచ్చు? ప్రవేశం ఊరికే ఇవ్వండి. నిజంగా ఊరికే, అంటే ఆ రోజు పైసా ఇవ్వనివాడు కూడా ముందు వరసలో కూర్చోగలగాలి. బయట మీ సంఘం ఆడవాళ్లు బజ్జీలు, పునుగులు వేసి, రోజూ సెంటర్లో అమ్మే ధరకే అమ్ముకోవచ్చు. తిన్నవాళ్లు తింటారు, తిననివాళ్లు చూస్తారు. రేకుల కోసం హుండీ పెట్టాలనుకుంటే గుమ్మం దగ్గర, ఒకడు నిలబడి వచ్చే ప్రతి మనిషి ముందూ చెయ్యి చాపే చోట పెట్టకండి. హాలు వెనక గోడ దగ్గర, కారుతున్న రేకు కిందే ఒక స్టూలు వేసి దాని మీద పెట్టండి. పైన "హాలు మరమ్మతు నిధి" అని రాయండి, మ్యాచ్ పేరు వద్దు, "కనీసం ఇరవై" అని అసలొద్దు. ఆ హుండీ మర్నాడూ ఎల్లుండీ కూడా అక్కడే ఉండాలి. మ్యాచ్ రోజు పెట్టి మర్నాడు తీసేస్తే చూసేవాడికి అది టికెట్ లాగే కనపడుతుంది. మీ సంఘానికి ఏడాది చందా ఉంటే, లైబ్రరీకి, క్యారమ్ బోర్డుకు, రక్తదాన శిబిరానికి అన్నిటికీ కలిపి తీసుకునేది, దాని గురించి దిగులు పడక్కర్లేదు. ఫైనల్ రోజు సాయంత్రం ఆరింటికి "ఇవాళే సభ్యులుగా చేరండి, ఇరవై రూపాయలు" అని కుర్చీ వేసుక్కూర్చుంటే మాత్రం కాదు.

ఇలా చేస్తే రేకుల ఖర్చంతా రాదు, నిజమే. బీసీసీఐ వాళ్లే 2015 నుంచి ఐపీఎల్ మ్యాచ్‌లు జరగని ఊళ్లలో ఫ్యాన్ పార్కులని పెద్ద తెరలు కడుతున్నారు. 2025లో మీ పక్కనున్న కాకినాడకూ వచ్చారు. అక్కడ కూడా ప్రవేశం ఉచితమే. ఆట వాళ్లదే అయినా టికెట్ పెట్టకుండా స్పాన్సర్ల మీద నడుపుతున్నారు.

ఆ మాట మీద మీ బంగారం షాపాయన గుర్తొచ్చాడు. కుర్చీల ఖర్చు ఆయన పెట్టుకోవచ్చు, చూసేవాళ్ల జేబులోంచి పోయేది కాదు గదా. ఫ్లెక్సీ దగ్గరే జాగ్రత్త. ఐపీఎల్ గుర్తు, టీముల గుర్తులు, ఆటగాళ్ల ఫొటోలు వేసి, పక్కన షాపు పేరు, షాపాయన నవ్వు మొహం వేస్తే అది ట్రేడ్‌మార్కుల గొడవ. చూసేవాడికి ఈ షాపు ఐపీఎల్‌కి స్పాన్సరేమో అనిపిస్తుంది, హక్కుదారులకు మండేది అక్కడే. "ఈ రాత్రి మన హాల్లో పెద్ద తెర మీద క్రికెట్. కుర్చీలు: ఫలానా వారి సౌజన్యం" అని గుర్తులు, బొమ్మలు లేకుండా ఒక బ్యానర్ కట్టండి. ఆయనకు అంత నచ్చకపోవచ్చు. మధ్యలో ప్రకటనలొచ్చినప్పుడు టీవీ ఆపేసి ఆయన షాపు స్లైడు వేయమని కూడా అడుగుతాడు, అడగకుండా ఉండడు. ఒప్పుకోకండి. వచ్చే ప్రసారాన్ని వచ్చినట్టు, ప్రకటనలతో సహా చూపించండి.

టికెట్ పెట్టి తీరాలి, పెద్దగా చేయాలి, అయిదొందల మందిని కూర్చోబెట్టాలి అనుకుంటే దారి ఒక్కటే, ప్రసార సంస్థను ముందుగా రాతపూర్వకంగా అడగడం. దీనికి వకీలు కూడా అక్కర్లేదు. ఇలా రాయండి:

"అయ్యా, మాది లాభాపేక్ష లేని గ్రామ యువజన సంఘం. ఫలానా తేదీ సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్‌ను మా పంచాయతీ హాల్లో, ఇన్ని అడుగుల తెర మీద, సుమారు ఇంతమందికి చూపించదలిచాం. మనిషికి ఇరవై రూపాయలు ప్రవేశ రుసుము ఉంటుంది. వచ్చిన మొత్తం హాలు మరమ్మతుకే వాడతాం. హాలు చిరునామా మీద కనెక్షన్ ఉంది, రసీదు జత చేశాం. దీనికి మీ అనుమతి, దానికి మీరు తీసుకునే రుసుం ఎంతో తెలియజేయగలరు."

వాళ్లు జవాబిస్తే అందులో ఉన్నట్టు చేయండి. జవాబు రాకపోతే, రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోకండి. ఉచితంగా వేసుకోండి. ఉచితం అన్నాక కూడా ఇదే ఉత్తరంలో రుసుం మాట తీసేసి ఒక ప్రతి పంపడం మంచిదే. ప్రసారంలోని దృశ్యాల మీద వేరే హక్కులుంటాయి, చందా ఒప్పందాల షరతులుంటాయి. దాపరికం లేకుండా చేశామనడానికి ఆ కాగితం పనికొస్తుంది.

"ఎవడొచ్చి అడుగుతాడు" అన్న మీ ప్రెసిడెంటు గారికి ఒక్క సెక్షన్ చదివి వినిపించండి. తెలిసీ ఈ హక్కును ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేసింది కాదని తేలితే కోర్టు తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. మీ ఊరి సంఘం మీద అంతదాకా వస్తుందని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ సెక్షన్లో "తెలిసీ" అన్న మాట ఉంది. మీరు నాకు ఉత్తరం రాసి అచ్చేయించుకున్నాక ఇక తెలియదనడం కుదరదు, అందుకని చెప్పాను.

నిజంగా కేసు దాకా పోయే ప్రమాదం మీరు ఉత్తరంలో అసలు రాయని చోట ఉంది. హాల్లో ఎవడో ఒక కుర్రాడు ఫోను పైకెత్తి తెరను ఫేస్‌బుక్ లైవ్ పెడతాడు. "మా ఊళ్లో సందడి చూడండి" అని అమాయకంగానే పెడతాడు. వెనక మ్యాచ్ అంతా పోతుంటుంది. అది తిరిగి ప్రసారం చేయడం, 37వ సెక్షన్లో మొదటిదే అది. ప్రసార సంస్థలు వీటిని పట్టుకోడానికి మనుషుల్నీ సాఫ్ట్‌వేర్నీ పెట్టుకుని కూర్చుంటాయి. హాల్లో టికెట్ పెట్టిన సంగతి వాళ్లకు తెలియకపోవచ్చేమో గానీ, లైవ్ పెట్టింది నిమిషాల్లో తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు మైకులో చెప్పండి: జనం గోల తీసుకోండి, తెర తీయకండి అని. రికార్డు చేసి మర్నాడు రాలేనివాళ్లకు వేయాలనే ఆలోచన కూడా మానుకోండి.

ఐపీఎల్ కాకుండా ఇండియా మ్యాచ్ వేద్దామనుకుంటే కొంచెం తేలిక. 2007లో వచ్చిన చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైనవిగా ప్రకటించిన ఆటల ప్రసారాన్ని ప్రైవేటు చానళ్లు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఇండియా పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి, ఐపీఎల్ లేదు. ఇలా వచ్చేవి డీడీ ఫ్రీ డిష్‌లో నెలవారీ చందా లేకుండా చూడొచ్చు. కేబుల్లో డీడీ పెట్టుకుంటే మాత్రం ఆ మ్యాచ్ రాదు. పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లకు, సొంత డీటీహెచ్‌కు తప్ప కేబుల్‌కు పోకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. హాలు మీద ఒక ఫ్రీ డిష్ గొడుగు బిగించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. దానికి కూడా టికెట్ పెట్టకూడదు, ప్రసార భారతి కూడా ప్రసార సంస్థే.

మా ఊళ్లో పంచాయతీ టీవీ ఉండేది. 1996 మార్చి 9న బెంగళూరులో ఇండియా, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్ అరుగు మీద నిలబడి చూశాను. డాబా మీద యాంటెన్నా తిప్పడానికి ఒక పిల్లాణ్ణి ఎక్కించారు. వెంకటేశ్ ప్రసాద్ అమీర్ సొహైల్ వికెట్ పడగొట్టినప్పుడు కింద అరుపులు విని వాడు యాంటెన్నా వదిలేసి గెంతాడు, బొమ్మ పోయింది. రిప్లే మేమెవరం చూడలేదు. టికెట్ లేదు గానీ టీవీ గది తాళం ఒక పెద్దాయన దగ్గరుండేది. ఆయనకు కోపమొచ్చిన రోజు ఊరంతటికీ మ్యాచ్ లేదు. తాళం మీ దగ్గరుందని రాశారు చూడండి, అది చదవగానే ఆయనే గుర్తొచ్చాడు.

ఇక రాత్రి సంగతి. ఫైనల్ ఏడున్నరకు మొదలైతే ముగిసేసరికి పదకొండు దాటుతుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. నాలుగు గోడల మధ్య, అంటే కమ్యూనిటీ హాళ్లు, ఆడిటోరియాల లోపల, మినహాయింపు ఉంది. కాబట్టి తెర హాలు లోపలే కట్టండి. ఎండాకాలం, ఉక్కపోత, బయట ఆవరణలో కడదామని అందరూ అంటారు. బయట కడితే ఛేజింగ్ మొదలైన కాసేపటికే సౌండ్ కట్టేయాల్సొస్తుంది, అప్పుడు మీ మాట ఎవడు వింటాడు? ఫ్యాన్లు అద్దెకు తెచ్చుకోండి. లోపలైనా సరే మైకు, పెద్ద స్పీకర్లు ఉంటాయని, ఇంతమంది వస్తారని నాలుగు రోజుల ముందే పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చి, అనుమతి రాతలో తీసుకోండి. హాలు పంచాయతీది కాబట్టి పంచాయతీ కార్యదర్శి గారి సంతకం కూడా. పక్కిళ్ల వాళ్లకు మాత్రం మీరే వెళ్లి నోటితో చెప్పిరండి, పోలీసులకు ఫోను చేసేది ఎప్పుడూ పక్కిల్లే.

పాటలు వేస్తారా అన్నది మీరు రాయలేదు, వేస్తారనే అనుకుంటున్నాను. లాభాపేక్ష లేని క్లబ్బు తన కార్యక్రమాల్లో భాగంగా రికార్డు పాటలు వినిపించుకోడానికి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. విరామంలో రెండు పాటలు ఆ నీడలో పోతాయి. డీజే పెట్టి, షాపు బ్యానర్ కింద రాత్రంతా అంటే అది వేరే కథ, పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి పాటల హక్కుల సంస్థల దగ్గర లైసెన్సు తీసుకోవాలి.

పందేల గురించి మీకు నేను చెప్పేదేముంది, గోదావరి జిల్లాల వాళ్లకు. వెనక వరసలో బంతి బంతికీ వేళ్లు చూపించుకునేవాళ్లు ఉంటారు. 1974 నాటి గేమింగ్ చట్టం కింద ఆడినవాడితో పాటు ఆ చోటును అందుకు వాడుకోనిచ్చినవాడూ ముద్దాయే. ఇక్కడ కూడా తాళం ఎవరి దగ్గరుందన్నదే చూస్తారు. కరెంటు హాలు మీటరు నుంచే తీసుకోండి, స్తంభానికి కొక్కెం తగిలిస్తే అది విద్యుత్ చౌర్యం కేసు.

చివరగా ప్రొజెక్టర్. అద్దెకు తెచ్చేది పాతదైతే సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ తీగ పెట్టినా తెర నల్లగానే ఉండొచ్చు. కాపీ కాకుండా పెట్టిన రక్షణ కొన్ని పాత ప్రొజెక్టర్లకు పడదు. అలాంటప్పుడు సాధారణ ఎర్ర, పసుపు, తెల్ల పిన్నుల తీగతో బొమ్మ వస్తుంది, కొంచెం మసగ్గా. ముందు రోజు రాత్రే, అదే బాక్సు, అదే తీగ, అదే చానల్ పెట్టి ఒక అరగంట నడిపి చూసుకోండి. వర్షమొస్తే ఆ కారే రేకు కింద ప్రొజెక్టర్ బల్ల వేయకండి.